‘దాకా’ అనే గింజ

సంధిమాల మీద మెల్లగా జరుగుతున్న గింజలవ్వ వేలు మూడో చెక్కబిళ్ళ దాటగానే టక్కున ఆగిపోయింది. అక్కడ ఉండవలసిన గింజ లేదు!

వేలు వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ముందుకు వచ్చింది. మళ్ళీ అదే ఖాళీ. మూడువందల పన్నెండేళ్ళ బతుకులో అవ్వ వేలు మాల మీద ఇలా ఆగడం ఇదే మొదటిసారని చుట్టూ నిలబడ్డ అడవిజాతి ఇలియుల ముఖాలే చెబుతున్నాయి.

“తెల్లవారగానే తడిమినప్పుడు ఉంది,” అంది అవ్వ. “ఆమ లేదు... ఇప్పుడు లేదు.”

శరభుడు ఆ ఖాళీ మీదికి వంగి చూశాడు. పదిహేడు రోజులు! రెండు వరదలు, ఒక కొండచిలువ, మొసళ్ళ రేవు, వాటన్నిటినీ మించి దళపతి ఉగ్రబాహుడి గురక, ఇన్నిటినీ తట్టుకుని అతను నీలారణ్యం నడిబొడ్డుకు వచ్చింది ఈ ఒక్క మధ్యాహ్నం కోసం. అతను మేఘవాటి రాజ్యంలో యువరాజు శశికేతుకు పాలిచ్చి పెంచిన దాది మల్లిక కొడుకు. ఏడేళ్ళ కిందట మేఘవాటికీ ఇలియులకూ కుదిరిన సంధికి హామీగా, పన్నెండేళ్ళ పసివాడిగా ఈ అడవికి వచ్చిన రాకుమారుణ్ణి పిలుచుకురమ్మని, తండ్రి రత్నకేతు మహారాజు తన ముద్రికను స్వయంగా శరభుడి వేలికి తొడిగి పంపాడు.

ఆ గింజ లేకపోతే రాకుమారుడు ఇంటికి రాడు. ఈ రోజే కాదు, ఎన్నటికీ రాడు.

ఎందుకంటే ఇలియులకు రాత లేదు. ఆకుల్లా మొనదేలిన చెవులు, వెదురులా సాగిన ఒళ్ళు, వందల ఏళ్ళ ఆయుష్షు ఉన్న ఆ జాతి మాట ఇచ్చిందంటే మాల గుచ్చుతుంది. రాజు, ఏరు, పెళ్ళి, యుద్ధం లాంటి పెద్ద మాటలకు చెక్కబిళ్ళలు. వాటిని కలిపే చిన్న మాటలకు గింజలు. నై అంటే ‘మరియు’. సెల్ అంటే ‘కానీ’. ఆమ అంటే ‘ఇప్పుడు’. అది ఆవగింజంత. తిరా అంటే ‘ఆ తర్వాత’. ఇక ‘నిన్న’కూ ‘రేపు’కూ ఒకటే గింజ. ఏ వైపు తిప్పి గుచ్చారన్నదే తేడా. పెద్ద మాటలు ఎవరైనా విసురుతారు, మనిషిని కట్టిపడేసేవి చిన్న మాటలేనని వాళ్ళ నమ్మకం. అందుకే చెక్కబిళ్ళలు బుట్టల్లో వానకు తడుస్తూ పడి ఉంటాయి. గింజలకు మాత్రం ఒక ఇల్లు, ఆ ఇంటికి ఒక కాపలా.

పోయినది ‘ఉలూ’ గింజ. అంటే ‘దాకా’.

“రాకుమారుడు... అడవిలో... ఉండు,” అని అవ్వ పలికింది. “ఖాళీ తగిలిన చోట వేలు ఆగాలి. ఆ పైన ఏముందో ఎవరూ పలకకూడదు. ఆగిన చోటితో మాట సరి.”

“మాట సరి,” అన్నారు ఇలియులంతా ఒక్క గొంతుతో. వాళ్ళలో కొందరి కళ్ళు తడిశాయి.

ఉగ్రబాహుడు నోట్లో తాంబూలాన్ని ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చాడు. “ఏమిటీ గోల! గింజ పోతే ఇంకోటి గుచ్చండి. మా ఊళ్ళో బస్తాల కొద్దీ ఉన్నాయి గింజలు.”

“గుచ్చొచ్చు నాయనా. సెల్, గుచ్చేటప్పుడు మీ రాజు నా ఎదురుగా కూర్చోవాలి. ఆమ ఉన్నాడా ఇక్కడ?”

అవ్వ మడుగు వైపు చూపించింది. గింజలింటి ముందున్న నిలువెత్తు గడపరాయి నీడ గడ్డి మీద సాగుతోంది. అది మడుగు నీళ్ళను తాకగానే రాకుమారుడు మరుపుచెట్టు పాలు తాగాలి. తాగితే చెవులు మొనదేలుతాయి. మనుషుల మాటలు, మనుషుల ముఖాలు ఒక్కొక్కటే తల్లోంచి రాలిపోతాయి. ఈలోగా గింజ దొరికితే మాల పూర్తిగా చదువుతారు.

శశికేతు ఏడేళ్ళలో తాటిచెట్టంత ఎదిగాడు. నారబట్ట కట్టుకుని, జుట్టు ఇలియుల్లా మూడు పాయలు అల్లుకుని, చేతులు కట్టుకు నిలబడ్డాడు.

“రాకుమారా, కంగారుపడకండి. నేను వెతికి తెస్తాను,” అన్నాడు శరభుడు.

“నువ్వు కంగారుపడకపోతే చాలురా,” అన్నాడు శశికేతు.

సోదా మొదలైంది. పొద్దుటి నుంచి గింజలింట్లోకి వెళ్ళిన మనుషులు నలుగురే: దళపతి, దుభాషి కలకంఠుడు, శరభుడు, రాకుమారుడు. ఆచారం ప్రకారం ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, వంగి, మాలకు నుదురు ఆనించి వచ్చారు. ఇలియులు ఆ నలుగురి తలపాగాలు విప్పారు, జుట్టు దువ్వారు, నడికట్లు దులిపారు, చెప్పుల అట్టలు వంచి చూశారు. దళపతి వక్కల సంచి బోర్లిస్తే వక్కలు, సున్నపుకాయ, ఒక ఎండు తమలపాకు రాలాయి. గింజ లేదు.

సరిగ్గా అప్పుడే గింజలింటి పైకప్పు చీల్చుకుని పెద్ద రెక్కల చప్పుడు! ఎద్దంత చుక్కలగద్ద ఒకటి రివ్వున పైకి లేచింది. దాని ముక్కున నల్లగా, గుండ్రంగా ఏదో ఉంది.

“గింజ! గద్ద గింజ ఎత్తుకుపోతోంది!” అని కలకంఠుడు కీచుమన్నాడు.

శరభుడు ఆలోచిస్తూ నిలబడే రకం కాదు. వేలాడుతున్న ఊడుగుతీగ అందుకుని, గడపరాయి మీద నుంచి ఒక్క ఊపు ఊగి, వదిలేశాడు. చేతికి చిక్కింది గద్ద కాలు. గద్ద కెవ్వున అరిచింది. శరభుడూ అరిచాడు. ఇద్దరూ కలిసి ఆకాశంలోకి పోయారు.

కింద నీలారణ్యం పచ్చల పళ్ళెంలా విచ్చుకుంది. వెండి నీళ్ళు ఏడు మెట్ల మీదుగా దూకుతున్నాయి. పూసిన మోదుగులు నిప్పుల వరసల్లా మండుతున్నాయి. చెట్ల కొమ్మల మధ్య ఇలియుల ఊయల ఇళ్ళు తేనెపట్టుల్లా వేలాడుతున్నాయి. ఇంకొకప్పుడైతే శరభుడు నోరు తెరుచుకుని చూసేవాడే. ఇప్పుడు మాత్రం గద్ద అతన్ని జలపాతం అంచున ఉన్న రాతికేసి బాదబోతోంది.

అతను కాళ్ళు ముడుచుకున్నాడు. రాయి వీపును గీరుకుంటూ పోయింది. గద్ద తిరిగి వచ్చింది. ఈసారి శరభుడు కాలు వదిలి మెడను కావలించుకున్నాడు, ఉత్తరీయం విప్పి దాని కళ్ళకు చుట్టేశాడు. లోకం చీకటైన గద్ద రెక్కలు చాచి, గిరికీలు కొట్టుకుంటూ దిగి, వచ్చిన చోటికే వచ్చి, మడుగులో దభాలున పడింది. నీళ్ళు తాడెత్తు లేచాయి. దళపతి నిలువునా తడిశాడు.

శరభుడు బురద కక్కుతూ లేచి, గద్ద ముక్కు తెరిచి, అందులోని నల్లటి వస్తువు లాగాడు.

అది వక్క.

“నాదే!” అన్నాడు ఉగ్రబాహుడు ఆనందంగా. “పొద్దున నుదురు ఆనించేటప్పుడు జారిపోయింది. అసలైన కొండవక్క. ఇటు ఇయ్యరా.”

“దళపతిగారూ, దీనికోసం నా వీపు చెక్కుకుపోయింది.”

“కడిగితే బాగానే ఉంటుందిలే.”

ఆయన వీపు గురించి అన్నాడో వక్క గురించి అన్నాడో అడిగే తీరిక శరభుడికి లేదు. తల తిప్పి చూస్తే మిగతా ముగ్గురిలో ఒకడు తక్కువ. దుభాషి లేడు!

కాలిబాట వైపు పరిగెత్తాడు. నీళ్ళ కుండలెత్తుకుని ఇలియ స్త్రీలు ఎనిమిదిమంది ఒకరి వెనక ఒకరు పొలిమేర వైపు వెళుతున్నారు. ఏడుగురు వెదురుల్లా ఊగుతూ నడుస్తున్నారు. ఎనిమిదో ఆవిడ బాతులా నడుస్తోంది. ఆకుల మేలిముసుగు, నడుముకు పూలతీగ, భుజాన కుండ. ఒక చెవి మొనదేలి నిలబడి ఉంది. రెండో చెవి ఊడి దారంతో వేలాడుతోంది.

“అమ్మాయీ, నీ చెవి పడిపోతోంది,” అన్నాడు శరభుడు.

ఆవిడ గబుక్కున చెవి సర్దుకుంది.

“మీసం కూడా కనబడుతోంది.”

కుండ కింద పడి బద్దలైంది. మేలిముసుగు లాగితే కలకంఠుడు! నలభై ఏళ్ళుగా మేఘవాటి ఆస్థానంలో రెండు భాషలు కలిపిన దుభాషి, తమలపాకు చెవులతో గడగడలాడుతున్నాడు.

“ఎక్కడికయ్యా పరుగు? గింజేది?”

“నా తల్లి మీద ఒట్టు, నేను తీయలేదు శరభా! మాటల దగ్గర తేడా వస్తే ముందు ఎవరి తల పోతుంది? దుభాషిదేగా! ఆ మాల పూర్తిగా చదివినా నాకు చావే, చదవకపోయినా చావే. నన్ను పోనీ నాయనా. నువ్వూ పో. ఇప్పుడే పో.”

“చదివితే నీకెందుకు చావు?”

దుభాషి ఊడిన చెవి పారేసి మళ్ళీ పరుగు లంకించుకోబోతే ఇలియులు పట్టుకున్నారు. అతన్ని రెండోసారి సోదా చేశారు. ఆకుల చీరలో చీమలు తప్ప ఏమీ దొరకలేదు. శరభుడి అనుమానం మాత్రం తీరలేదు. గింజల భాష తెలిసినవాడు, పారిపోబోయినవాడు, ఇంకెవరు? గింజను ఎక్కడో దాచాడు. ఎక్కడ?

గడపరాయి నీడ సగం గడ్డి దాటింది.

శరభుడు గింజలింట్లోకి వెళ్ళి అవ్వ పక్కన చతికిలబడ్డాడు. చల్లటి మట్టి గోడల నిండా చిన్న చిన్న గూళ్ళు. ప్రతి గూట్లో ఒక దొప్ప, దొప్పలో గింజలు. అవ్వ ఒక గింజను పెదవుల మధ్య పట్టుకుని, రెండు చేతులా నారదారం సాగదీస్తోంది. గింజ నడుముకు ఒక గాటు. ఆ గాట్లోకి దారం నొక్కితే పట్టేస్తుంది. గోటితో మీటితే, దారం తెగకుండానే ఊడుతుంది.

“అవ్వా, చేత్తో పట్టుకోకూడదా?”

అవ్వ గింజ గుచ్చి, పెదవులు తుడుచుకుంది. “చెయ్యి మురికిది బాబూ. మాట పుట్టేది నోట్లో. చిన్నమాటను నోట్లోనే మోయాలి. గింజలవాళ్ళం మేం ఒక గూటి నుంచి ఇంకో గూటికి తీసుకెళ్ళినా దవడలోనే పెట్టుకుంటాం.”

శరభుడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. “మరి ఇందాక సోదాలో జుట్టు చూశారు, బట్టలు చూశారు. నోళ్ళు చూడలేదేం?”

అవ్వ ఒక అడుగు వెనక్కి జరిగింది. చుట్టూ ఉన్న ఇలియులు తలలు దించుకున్నారు. “నోరు తెరిచి చూపించమనడం మా దగ్గర చంపడం కంటే పెద్ద తప్పు. అలా అడిగించుకున్న వాళ్ళు తిరా బతకరు. ఇంకెప్పుడూ ఆ మాట అనకు.”

“అననవ్వా, అనను,” అని శరభుడు లెంపలు వేసుకున్నాడు. అయితే గింజ నోట్లో ఉంది! నోరు తెరవమని అడగకూడదు. అడగకుండా ఎలా?

అవ్వ ముందు ఎవరో తేనెపట్టు ముక్క పెట్టారు. ఆమె దాన్ని పక్కకు తోసింది. “సాయంత్రం తింటాను. ఆమ మట్టిలా ఉంటుంది.”

“తేనె మట్టిలా ఉంటుందా?”

“పురుగు పట్టకుండా గింజల్ని నలభై రోజులు పొడపత్రి రసంలో నానబెడతాం. నోట్లో పెట్టుకుంటే సాయంత్రం ఉలూ తీపి తెలియదు. పులుపు తెలుస్తుంది, ఉప్పు తెలుస్తుంది. తీపి ఒక్కటే తెలియదు. మా పనిలో అదొక్కటే కష్టం.”

శరభుడు లేచి అవ్వ పాదాలకు దండం పెట్టి, గింజలింట్లోంచి బాణంలా దూసుకుపోయాడు.

మల్లిక కొడుకుతో ఒక మూట పంపింది. రాజ్యపు సరిహద్దు దాటగానే రాకుమారుడికి తన పాయసమే వండి పెట్టాలని అందులో కొత్త బియ్యం, యాలకులు, నెయ్యి, అచ్చుబెల్లం కట్టింది. శరభుడు మడుగు ఒడ్డున మూడు రాళ్ళు పేర్చి నిప్పు రాజేశాడు. ఇలియుల జింకపాలు కుండెడు తెచ్చి పొంగించాడు. బియ్యం వేశాడు, యాలకులు దంచి వేశాడు, నెయ్యి ఒలకబోశాడు. బెల్లం మాత్రం మూటలోనే ఉంచి, మూట మీద తానే కూర్చున్నాడు.

“అయ్యలారా!” అని గట్టిగా పిలిచాడు. “గింజ దొరకలేదు. దొరికే ఆశా లేదు. రాకుమారుడు మనల్ని మరిచిపోయే ముందు మన ఇంటి పాయసం అందరం కలిసి ఒక్కసారి తాగుదాం రండి.”

ఆకుదొప్పల్లో పాయసం పొగలు కక్కింది. యాలకుల వాసనకు చెట్ల మీది ఇలియులు కూడా కిందికి దిగారు.

ఉగ్రబాహుడు ఒక్క గుక్క తాగి, థూ అని ఉమ్మాడు. “ఏరా, ఇది పాయసమా, గంజా? బెల్లం మొహం చూసిందా ఇది?”

శరభుడు మనసులో ఒక పేరు కొట్టేశాడు. ఇక మిగిలింది ఒక్కడే. ఓరకంట దుభాషిని చూస్తూ, గరిట పిడి గట్టిగా పట్టుకున్నాడు.

కలకంఠుడు రెండు చేతులతో దొప్ప ఎత్తాడు. చప్పరించాడు. ముఖం చిట్లించాడు. “అయ్యా, తప్పుగా అనుకోకపోతే... బెల్లం మరిచినట్టున్నావు.”

గరిట పట్టు సడలింది. ఇతనూ కాడా? మరైతే ఎవరు? ఇలియులా?

అవ్వ వేలితో ముంచి నాకి, నవ్వింది. “నాకు ఎలాగూ తెలియదు.” పక్కనున్న కాపలాదారు మర్యాదగా తల వంచాడు. “వేడిగా ఉంది, సెల్ తీపి లేదు.” ఇంకొకడూ అదే అన్నాడు. మూడోవాడూ అదే. శరభుడి ఉపాయం బెడిసికొట్టింది. నీడ నీళ్ళకు నాలుగు జానల దూరంలో ఉంది.

“శరభా,” అన్నాడు శశికేతు వెనక నుంచి.

అతను కళ్ళు మూసుకుని దొప్పలో చివరి చుక్క దాకా తాగాడు. పెదవులు నాక్కున్నాడు. “అచ్చం మల్లికమ్మ చేతి పాయసమేరా. ఏడేళ్ళయినా మరిచిపోలేదు. బెల్లం ఒక పిసరు ఎక్కువ పడింది, అంతే.”

గరిట శరభుడి చేతిలోంచి జారి నిప్పుల్లో పడింది. చిటపటమని రవ్వలు లేచాయి. ఎవరూ పట్టించుకోలేదు, దళపతి ఇంకా గంజిని తిడుతూనే ఉన్నాడు.

శరభుడు రాకుమారుడి మోచెయ్యి పట్టుకుని మడుగు చివరికి, పొన్నచెట్టు చాటుకు ఈడ్చుకుపోయాడు. మూట విప్పి, అచ్చుబెల్లం ముద్దను అతని కళ్ళ ముందు పెట్టాడు. అది ఎక్కడా చెక్కు చెదరలేదు.

“ఇందులో ఒక్క పలుకు కూడా పాయసంలో వేయలేదు రాకుమారా. ఎందుకు చేశావు? నీ సంకెళ్ళు నువ్వే బిగించుకుంటావా? మా అమ్మ గుమ్మంలో దీపం పెట్టుకుని కూర్చుంది నీ కోసం!”

శశికేతు బెల్లం ముద్ద వైపు చూశాడు. దొంగతనం పట్టుబడ్డ చిన్నపిల్లాడిలా ఒక్కసారి నవ్వాడు. తర్వాత భుజం మీద చెయ్యి వేసి శరభుణ్ణి దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించాడు.

“అరవకురా, అవ్వ వింటుంది. అవును, నేనే తీశాను. పొద్దున నుదురు ఆనించడానికి వంగి గోటితో మీటాను, నాలుకతో అందుకున్నాను. ఏడేళ్ళు అవ్వ పక్కన కూర్చుని గుచ్చినవాణ్ణి, నాకదొక లెక్కా! ఇంకొకడైతే నడికట్టులో దోపుకునేవాడు, ఇట్టే దొరికిపోయేవాడు. నాకు దవడ తప్ప ఇంకో చోటు తోచనేలేదు చూడు, సగం ఇలియుణ్ణి అయిపోయాను. ఎందుకు తీశానంటావా? ఆ ఖాళీ అవతల ఏముందో నీకు తెలియదు. మా నాన్న దగ్గరున్న సంధి రాగిరేకు మీద అది లేదు, కావాలనే చెక్కించలేదు. నేను ఇక్కడికి వచ్చిన రెండో ఏట వేళ్ళతో చదివాను. ‘ఏడు వానల దాకా. ఆ తర్వాత రాకుమారుడు వెళ్ళు. మరియు, పిలవ వచ్చినవాడు ఉండు.’ అంతే! దాని తర్వాత గింజ లేదు, బిళ్ళ లేదు. నాకు ఏడు వానల దాకా అని గడువుంది. నీకు దాకానే లేదురా శరభా. ఇది కలకంఠుడికి తెలుసు. మా నాన్నకు తెలుసు. తెలిసే ఆ ముద్రిక దళపతి వేలికి తొడగలేదు, మంత్రి కొడుకు వేలికి తొడగలేదు, ఏరికోరి దాది కొడుకు వేలికి తొడిగాడు. పొద్దున నువ్వు పళ్ళికిలించుకుంటూ అడవిలోకి రాగానే నా ప్రాణం పోయినంత పనైంది. మల్లికమ్మ ఇద్దర్నీ ఒక్క ఒళ్ళోనే పెంచింది. ఒకణ్ణి ఇచ్చి ఇంకొకణ్ణి తెచ్చుకోమంటే ఆ తల్లి ఎవరిని చూసి నవ్వాలి, ఎవరిని తలుచుకుని ఏడవాలి? గింజ ఇదిగో, ఇంకా దవడలోనే ఉంది. మింగేస్తే పీడా పోతుందని పొద్దుటి నుంచి చూస్తున్నాను, గొంతు దిగడం లేదు. ఎందుకు దాచాలి, నాకూ ఇంటికి రావాలనే ఉందిరా! అదిగో, నీడ నీళ్ళకు జానెడు దూరంలో ఉంది. నా వల్ల కావడం లేదు, నువ్వే చెప్పు. ఉమ్మనా, మింగనా?”